నలభై గంటల పుస్తకం

ఈ దేశానికి కొత్తగా వచ్చిన మనవాడెవడైనా సరే, విమానం దిగి సిమ్ కార్డు వేసుకోగానే ముందు ఇంటికి ఫోను చేస్తాడు, తర్వాత నాకు చేస్తాడు. నేను బస్సు డిపోలో బ్రేకుల మెకానిక్‌ని. వచ్చి పంతొమ్మిదేళ్లయింది. బండి గురించి ఏం కావాలన్నా నన్నే అడగాలని ఎవడు మొదలుపెట్టాడో తెలీదు గానీ, నా తల తింటున్నారు.

"అన్నా, నా బండి ఓడలో తెప్పించుకోవచ్చా?" అంటాడొకడు. "తెప్పించుకో నాయనా. రేవులో ఆర్నెల్లు తుప్పు పట్టాక హెడ్‌లైటు మార్చు, సైలెన్సరు మార్చు అని కాగితం వస్తుంది. అప్పుడు ఏడుస్తూ మళ్లీ నాకే చేద్దువుగాని" అంటాను. "అన్నా, అక్కడ కొన్న మంచి హెల్మెట్ ఉంది" అంటాడు ఇంకొకడు. ఇక్కడి ముద్ర లేని హెల్మెట్‌లో మొక్క వేసుకోమంటాను. స్నేహితుడి పేరు మీద బండి కొంటానన్నవాడికైతే బాగా గడ్డి పెడతాను. నీ బండి నీ పేరు మీద ఉండాలి, ఇల్లు మారితే పద్నాలుగు రోజుల్లో అడ్రసు మార్చాలి, ఇన్ని సంవత్సరాలు ప్రమాదం లేకుండా నడిపానని పాత ఇన్సూరెన్సు వాళ్ల చేత కాగితం రాయించుకునే విమానం ఎక్కాలి. ఇవన్నీ నాకు నిద్రలో లేపి అడిగినా వస్తాయి. "ఆయన దగ్గర సలహాలకి కొదవ లేదు. ఆయనకి చెప్పేవాళ్లే లేరు" అంటుంది మా ఆవిడ, ఫోను నా చెవికి ఉండగానే, అవతలివాడికి వినపడేలా.

అలాంటి నేను నా సొంత మేనకోడలి విషయంలో చేసిన పని చెబుతాను. విన్నాక తిట్టాలనిపిస్తే తిట్టండి.

మా చెల్లెలి కూతురు నర్సు. పది నెలల క్రితం వచ్చి మా ఇంట్లోనే ఉంటోంది. రాత్రింబవళ్లు చదివి ఇక్కడి భాష పరీక్ష రాసింది, నర్సుల పరీక్ష రాసింది, రెండూ పాసయింది. ఇంటింటికీ తిరిగి మంచం పట్టినవాళ్లకి కట్లు కట్టే, ఇంజక్షన్లు ఇచ్చే ఉద్యోగం ఒకటి వచ్చింది. సందుల్లో కారు పట్టదు, కాబట్టి మోటారు సైకిలు మీద తిరగాలి. ఒకటో తారీకుకి గేర్ల బండి లైసెన్సు చూపిస్తే ఉద్యోగం, లేకపోతే లేదు. ఉద్యోగం లేకపోతే ఈ దేశంలో ఉండే అనుమతి కూడా ఆ నెలాఖరుతో సరి.

"లైసెన్సా? అదెంత మామయ్యా! ఇంటర్ నుంచి నడుపుతున్నా" అంది. నడిపింది స్కూటీ. దాని లైసెన్సు మీద గేర్లు లేని బండి అని రాసి ఉంది. ఇక్కడి ఆఫీసులో ఆ కార్డుని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, ఎంతో మర్యాదగా వెనక్కి ఇచ్చేశారు. మొదటినుంచీ నేర్చుకోవాలన్నారు. చేతిలో ఒక నీలం పుస్తకం పెట్టారు.

ఆ పుస్తకమే ఈ గొడవంతా. పరీక్షకి ముందు నలభై గంటలు రోడ్డు మీద నడపాలి. లైసెన్సున్న మనిషి ఇంకో బండి మీద వెనకాలే రావాలి. నడిపిన ప్రతిసారీ తారీకు, మీటరు ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది, ఏ రోడ్డు, ఎండా వానా, అన్నీ పుస్తకంలో రాయాలి. వెనకాల వచ్చినవాడు సంతకం పెట్టాలి. నలభైలో ఎనిమిది గంటలు వానలో నడపాలి. పైగా ఇక్కడ బళ్లు మనకి అలవాటైన వైపు కాదు, ఎదురు వైపు నడుస్తాయి. నాకే మొదటి ఏడాది రోడ్డు దాటాలంటే మెడ పట్టేసేది.

వెనకాల నేనే వస్తానన్నాను. బండి కొనిపెట్టాను, తన పేరు మీదే రిజిస్టరు చేయించాను. రెండు ఆదివారాలు తిరిగాం. నాలుగు గంటలయ్యాయి. తర్వాత డిపోలో ఇద్దరు మానేస్తే నాకు డబల్ డ్యూటీ పడింది, తనకి ఏదో ట్రైనింగు వచ్చింది. ఈ వారం వద్దులే అనుకున్నాం, వచ్చే వారం అనుకున్నాం. చూస్తే పరీక్షకి తొమ్మిది రోజులుంది. పుస్తకంలో ఇంకా నాలుగు గంటలే ఉన్నాయి.

"మామయ్యా, ఇప్పుడెలా?" అని పుస్తకం నా ముందు పెట్టింది. మొహం చిన్నబోయింది.

నేను పాలిటెక్నిక్‌లో ఉన్నప్పుడు రికార్డులు రాయడంలో పెద్ద పేరు. చెయ్యని ప్రయోగానికి రీడింగులు వెయ్యడం, మరీ సరిగ్గా వస్తే అనుమానం వస్తుందని అక్కడక్కడా కాస్త తేడాగా వెయ్యడం, ఒక్క మధ్యాహ్నంలో ముప్ఫై ప్రయోగాలు ముగించడం నాకు వెన్నతో పెట్టిన విద్య. మనలో రికార్డు కాపీ కొట్టనివాడెవడో చెయ్యెత్తండి చూద్దాం. అది తప్పని మనకెప్పుడైనా అనిపించిందా? నాకూ అనిపించలేదు.

"దీనికింత బెంగెందుకే పిచ్చిమొద్దూ! మూడు రంగుల పెన్నులు పట్రా" అన్నాను.

బల్ల ముందు ముగ్గురం కూర్చున్నాం. ఒక రోజు నీలం పెన్ను, ఒక రోజు నలుపు, ఒక రోజు తొందరలో ఉన్నట్టు వంకరటింకర రాత. ఏ రోజు వాన పడిందో ఫోనులో వెతికి, ఆ రోజుల మీద ఎనిమిది గంటల వాన సర్దాం. మా ఆవిడ ఒళ్లో గిన్నె పెట్టుకుని బఠాణీలు వొలుస్తూ, "ఒకరోజు సముద్రం దాకా వెళ్లారని రాయండి. ఎలాగూ ఎటూ తీసుకెళ్లరు, పుస్తకంలోనైనా వెళ్లండి" అంది. పిల్ల పడీపడీ నవ్వింది. పేజీల చివర్లు మడిచాం, నాలుగు చుక్కలు టీ ఒలికించాం. ఊరి మధ్య అయిదు దారులు కలిసే పెద్ద సర్కిల్ ఉంది, దానికో పేజీ కావాలి. "వాన. పెద్ద సర్కిల్. రెండు గంటలు. బాగా నడిపింది" అని నా చేత్తో రాసి సంతకం గీకాను.

ఇక మీటరు మిగిలింది. బండి ఆరువందల కిలోమీటర్లయినా తిరిగినట్టు కనపడాలి కదా. ఆ బండికి మీటరు వెనక చక్రంతో తిరుగుతుంది. గ్యారేజీలో మెయిన్ స్టాండు వేసి, చక్రం గాల్లోకి లేపి, టాప్ గేరు వేసి వదిలేశాం. ఇంజను వేడెక్కకుండా ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టాం, పొగ పోవడానికి తలుపులు బార్లా తీశాం. మూడు మధ్యాహ్నాలు ఆ చక్రం అలా తిరుగుతూనే ఉంది. మేనకోడలు పక్కన కుర్చీ వేసుకుని ఉద్యోగం కాగితాలు చదువుకుంది. బండి ఉన్నచోటు నుంచి అంగుళం కదల్లేదు.

పరీక్ష రోజు ఎండ ఫెళ్లుమని కాసింది. ఆఫీసు ఆవరణలో ప్లాస్టిక్ దిమ్మెలు పెట్టి వాటి మధ్య తిరగమన్నారు, బయట రెండు వీధులు తిప్పారు. పరీక్షకుడు పుస్తకం తిరగేసి, నా సంతకాలు చూసి, "మంచి గురువు దొరికాడు" అన్నాడట. పాసయింది. ఆ సాయంత్రం మా చెల్లెలు ఫోనులో ఏడ్చింది. "నువ్వుండబట్టి సరిపోయింది అన్నయ్యా, అది నీ చేతుల్లో ఉందంటే నాకు నిశ్చింత" అంది. నేను గర్వంగా మీసం దువ్వుకున్నాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే ఆ మీసం పీకెయ్యాలనిపిస్తుంది.

మేనకోడలు ఉద్యోగంలో చేరిన ఎనిమిదో రోజు వాన పట్టుకుంది. నేను డిపోలో గుంతలో దిగి, బస్సు కింద నిలబడి బ్రేకు షూలు విప్పుతున్నాను. పైన రేకుల మీద వాన చప్పుడు. మామూలుగానైతే అది నాకు జోలపాట. ఆ రోజు మాత్రం చేతిలో స్పానరు నిలవలేదు. వాన, పెద్ద సర్కిల్, రెండు గంటలు, బాగా నడిపింది. ఎవరు నడిపారు? నా బొందా! గుంతలోంచి పైకొచ్చాను, మళ్లీ దిగాను, మళ్లీ వచ్చాను. "ఏంటి, పని చేస్తున్నావా, మెట్లు లెక్కపెడుతున్నావా?" అని సూపర్‌వైజరు అడిగాడు. పంటినొప్పి అని చెప్పి సగం రోజు సెలవు పెట్టి, బండి తీసుకుని సర్కిల్ దగ్గరికి పోయాను.

తను ఏ ఇంటికి ఎప్పుడు వెళ్తుందో ఇంట్లో ఫ్రిజ్ మీద రాసి ఉంటుంది. అరగంట నిలబడ్డాక వచ్చింది. సర్కిల్ ముందు ఆగింది. వెనకాల కార్లు హారన్లు కొట్టాయి. ఒకసారి ముందుకి ఉరికి మళ్లీ బ్రేకు వేసింది. తర్వాత బండి దిగింది. దిగి, ఫుట్‌పాత్ మీదకి ఎక్కించి, ఆ బరువైన బండిని నెట్టుకుంటూ ఒక దారి దాటింది, రెండో దారి దాటింది, అలా సర్కిల్ చుట్టూ సగం దూరం వానలో నడిచి, అవతల మళ్లీ ఎక్కి స్టార్ట్ చేసుకుంది. మందుల పెట్టె మీద తన రెయిన్ కోటు కప్పి ఉంది. తను తడిసి ముద్దయింది.

ఇంటికొచ్చాక, "ఎలా నడిచిందమ్మా ఇవాళ?" అని అడిగాను.

"సూపర్ మామయ్యా. సర్కిల్‌లో గిర్రున తిరిగా" అంది, తల తుడుచుకుంటూ.

అబద్ధం అని నోటి చివరిదాకా వచ్చింది. కానీ ఏ మొహం పెట్టుకుని అడగను? దాని అబద్ధం ఒకటి, నావి ముప్ఫై ఆరు గంటలు. తల ఊపి ఊరుకున్నాను.

మర్నాటి నుంచి తెల్లవారు డ్యూటీ అడిగి వేయించుకున్నాను. రెండింటికల్లా పని ముగించుకుని, నాలుగు బళ్ల దూరంలో దాని వెనకాల పడేవాణ్ణి. తను ఒకరింట్లో ఉన్నంతసేపూ ఎదురుగా ఏ బస్ షెల్టర్లోనో నిలబడి కాలు ఊపుకుంటూ ఉండేవాణ్ణి. ఇంటికొచ్చినా కుదురు లేదు. కిటికీ దగ్గరికి వెళ్లి ఆకాశం చూడటం, ఫోనులో రేపటి వాన చూడటం, మళ్లీ కిటికీ. "ఏమిటండీ ఆ కాలుగాలిన పిల్లి తిరుగుడు? కూర్చోండి, నాకు కళ్లు తిరుగుతున్నాయి" అని మా ఆవిడ కసిరేది. కూర్చుంటే కుర్చీకి ముళ్లున్నట్టుండేది. ఒక చిన్న కాగితం మీద మాత్రం గంటలు రాసుకునేవాణ్ణి. ఇవాళ రెండు. ఇవాళ ఒకటిన్నర. అలా నలభై నింపేస్తే నా సంతకం నిజమైపోతుందని పిచ్చి ఆశ.

మూడో వారంలో ఒక రోజు తను బండి నెట్టలేదు. పక్కనే తన ఆఫీసు నర్సు ఇంకో బండి మీద ఉంది, సిగ్గుపడి ఉంటుంది. నేరుగా సర్కిల్‌లోకి దూరింది. మన అలవాటు కొద్దీ తప్పు వైపు తల తిప్పి చూసింది. అటు ఏమీ లేదు. ఇటు నుంచి లారీ వస్తోంది. చూసి ఒక్కసారిగా ముందు బ్రేకు నొక్కింది. తడిసిన తెల్ల గీత మీద చక్రం జారింది. కాలు కింద పెట్టి ఎలాగో నిలదొక్కుకుంది. లారీ మూరెడు దూరంలో ఆగింది.

ఆ సాయంత్రం తను మామూలుగా అన్నం తింది, అత్తయ్యతో సీరియల్ చూసింది, నవ్వింది. నాకు ముద్ద దిగలేదు.

ఆ తర్వాత నాలుగు రోజులకి తనే నా దగ్గరికి వచ్చింది. చేతిలో ఫోను, కళ్లల్లో నిప్పులు. "ఇదేంటి?" అంది. ఫోటోలో బస్ షెల్టరు, అందులో రెయిన్ కోటు, హెల్మెట్, ఆ హెల్మెట్ కింద నా మీసం.

తను కట్టు కట్టే ఒక ముసలావిడ రిటైరైన లెక్కల టీచరట. కిటికీ పక్కనే మంచం. ఈ నర్సు వచ్చినప్పుడల్లా ఎదురుగా ఒక మగవాడు తచ్చాడుతున్నాడని తారీకులతో సహా రాసి, ఫోటో తీసి, బండి నంబరుతో ఆఫీసుకి పంపింది. నర్సుల మీద అధికారిణి, పెద్ద నర్సు అంటారు, పోలీసులకి చెప్పబోతే మా పిల్లే ఆపి వచ్చింది.

"పరువు తీశావు మామయ్యా! నేనేమన్నా చిన్నపిల్లనా? సరే, అయిందేదో అయింది. రేపు పది గంటలకి వచ్చి ఆవిడతో ఒక్క మాట చెప్పు. మా వైపు మేనమామలు ఇంతే, కాపలా కాస్తారు, అదో ప్రేమ అని చెప్పు. వాళ్లు నవ్వేసి వదిలేస్తారు. ఇంకెప్పుడూ రానని చెప్పు. అంతే."

"అంతేనా?"

"అంతే. దయచేసి ఇంకేం మాట్లాడకు."

మర్నాడు ఆ ఆఫీసు గదిలో కూర్చున్నాం. పెద్ద నర్సు నా ఈడుది. నా ముందు నీళ్ల గ్లాసు పెట్టింది. "మీ అమ్మాయి మంచి నర్సు. ముసలివాళ్లకి తనంటే ప్రాణం. మీరు ఎందుకు వెంబడిస్తున్నారో చెప్తే ఈ కాగితం చింపేస్తాను. మీ వాళ్లలో ఇదేమన్నా అలవాటా?" అని నెమ్మదిగా అడిగింది. జవాబు కూడా ఆవిడే అందించింది. అవును అంటే చాలు.

పక్కన మేనకోడలు నా కాలు తొక్కింది. కిటికీ బయట మబ్బు పట్టి ఉంది. ఈ ఒక్క అబద్ధం చెప్పి బయటికి వెళ్తే ఇక నేను వెనకాల ఉండను. తను ఉంటుంది, సర్కిల్ ఉంటుంది. నాకు ఆ లారీ కనపడింది.

"అలవాటు కాదండీ. పుస్తకంలో నేను పెట్టిన సంతకాలు దొంగవి. నలభైలో మేం నడిపింది నాలుగు గంటలు. మీటరు స్టాండు మీద తిప్పాం. తనకి వానలో నడపడం రాదు. తప్పు నాది, తనకి ఉపాయం చెప్పింది నేనే" అన్నాను.

పెద్ద నర్సు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. మేనకోడలు నా వైపు చూడలేదు. బయటికొచ్చాక మెట్ల మీద ఆగి, "నా పొట్ట కొట్టావు మామయ్యా" అంది. "అమ్మకి నువ్వే చెప్పు" అని బస్సు స్టాపు వైపు వెళ్లిపోయింది.

లైసెన్సు రద్దయింది. మళ్లీ కొత్త పుస్తకం, మళ్లీ నలభై గంటలు, మళ్లీ పరీక్ష. పెద్ద నర్సు దయ వల్ల మూడు నెలలు ఆఫీసులోనే ఫైళ్లు చూసే పని ఇచ్చారు. ఈలోగా పాసైతే సరే, కాకపోతే ఇంటికే. నాకూ ఒక ఉత్తరం వచ్చింది. ఏడాదిపాటు ఎవరి పుస్తకంలోనూ నా సంతకం చెల్లదని అందులో ఉంది. డిపోలో మందలించారు. మనవాళ్ల ఫోన్లు తగ్గాయి. చెల్లెలు ఫోనులో, "దాన్ని కాపాడావో ముంచావో నాకు తెలీడం లేదు అన్నయ్యా" అంది. నాకూ తెలియదనే చెప్పాను.

మేనకోడలు మాట్లాడటం మానేసింది. ఒకే బల్ల మీద తినేవాళ్లం, "అత్తయ్యా, ఆయనకి నీళ్లు కావాలేమో చూడు" అనేది. ఆయన! శనివారాలు ఒక డ్రైవింగు స్కూలు వాడు వచ్చి వెనకాల తిరిగి, సంతకం పెట్టి పోయేవాడు. ఎండలోనే వచ్చేవాడు. చినుకు పడితే రానని ఫోను చేసేవాడు. నేను గదిలోంచి వింటూ, గోళ్లు కొరుక్కుంటూ, నోరు మూసుకుని ఉండేవాణ్ణి. సలహా చెప్పే హక్కు నాకెక్కడిది?

అలా పద్దెనిమిది రోజులు గడిచాయి. ఒక ఆదివారం పొద్దున భోరున వాన. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. గ్యారేజీ తలుపు చప్పుడైంది. తిరిగి చూస్తే మేనకోడలు, రెయిన్ కోటు వేసుకుని, చేతిలో నా హెల్మెట్ పట్టుకుని ఉంది.

"పద" అంది. పద్దెనిమిది రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట.

"నా సంతకం చెల్లదు కదమ్మా. స్కూలువాడికి ఫోను చెయ్యి."

"సంతకం ఎవరడిగారు?" అని కసిరింది. హెల్మెట్ నా చేతిలో కుక్కింది. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. "ఆ లారీ రోజు నుంచి ఆ సర్కిల్ పేరెత్తితే నాకు చేతులు వణుకుతున్నాయి. నువ్వు వెనకాల ఉంటే తిరుగుతాను మామయ్యా."